కాకులను లేపిన దీపాలు

ఎల్లారెడ్డిలో మా ఇంటి ముందు లారీ ఆగే చోటికి ఎదురుగా పొరుగింటి గోడ ఉండేది. ఏటా సున్నం వేసే తెల్లని గోడ. దాని వెనుక వేపచెట్టు. చలికాలం మునిమాపున అన్న లారీ దీపాలు వేస్తే గోడ మీద రెండు గుండ్రటి వెలుగులు లేచేవి. వాటి ముందు దుమ్ము మెల్లగా తిరిగేది. నేను అరుగు మీద పుస్తకం మూసి ఆ దుమ్మునే చూసేదాన్ని. నీళ్ళ అడుగున ఒక ఊరున్నట్టు, దాని వీధుల్లో ఎవరో తొందర లేకుండా నడుస్తున్నట్టు అనిపించేది. ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే పుస్తకంలో రాసుకున్నాను.

లారీ మాది కాదు, కామారెడ్డి సేటుది. అన్న దాన్ని నడిపేవాడు. తెల్లవారకముందే ఇక్కడి వడ్ల బస్తాలు తీసుకుపోయి కామారెడ్డి స్టేషన్లో పొద్దుటి రైలుకు అందించాలి. సాయంత్రం ఉప్పు, లాంతర్లలో పోసే గ్యాసునూనె వేసుకుని తిరిగి రావాలి. పాత దీపాలు ఎర్రగా, నిద్రమొహంతో వెలిగేవి. మంచు పడితే అన్న తల బయటికి పెట్టి తొవ్వ వెతుక్కునేవాడు. రెండుసార్లు రైలు తప్పింది. అప్పుడు సేటు సికింద్రాబాదు నుంచి పెద్ద అద్దాల దీపాలు రెండు, మంచులో వేసుకోవడానికి పసుపు అద్దం దీపం ఒకటి తెప్పించాడు.

వాటిని బిగించడానికి కామారెడ్డి నుంచి ఒక ముసలి మిస్త్రీ వచ్చాడు. లారీని గోడకు నాలుగు బారల దూరంలో నిలబెట్టి, దీపాల ఎత్తు కొలిచి, గోడ మీద అంతే ఎత్తున ఒక గీత కావాలన్నాడు. మా అవ్వ, అంటే మా అమ్మ, జాజు కలిపింది. నూలుదారం జాజులో ముంచి, ఒక కొస అవ్వ పట్టుకుంటే ఇంకో కొస నేను పట్టుకుని మీటాను. ఎర్రటి గీత పడింది. వెలుగు ఆ గీతకు బెత్తెడు కిందనే ఆగాలట. మిస్త్రీ మరలు తిప్పి తిప్పి ఆపాడు. చీకట్లో ఆ గోడ పండుగ ఇల్లులా ఉంది.

వారం తిరగకముందే కామారెడ్డి తొవ్వలో ఉన్న లింగంపేట నుంచి ఒక ముసలాయన మా అరుగు ముందుకు వచ్చి నిలబడ్డాడు. బండ్లు తోలేవాళ్ళకు పెద్ద.

"నీది మోటరా, ఇంకేమన్ననా? ఎడ్ల కండ్లల్ల నిప్పులు వోసినట్టు కొడుతున్నది. రెండు బండ్లు పొలంల దిగినయ్. ఒకదాని ఇరుసు ఇరిగింది."

"దీపాలు కిందికే ఉన్నయ్ తాతా. మిస్త్రీ గీత పెట్టి చూసిండు," అన్నాడు అన్న.

"గీత నీ గోడకున్నది. నా ఎడ్లకున్నదా? ఇంకొక్క బండి పక్కకు దిగిందంటే తొవ్వకు అడ్డంగ బండ్లు ఇడుస్తం. నీ మోటరు లింగంపేట దాటది."

ఆయన పోయాక అన్న అన్నం ముట్టలేదు. దీపాలు తీసేస్తే రైలు తప్పుతుంది, సేటు లారీని ఇంకొకరికి ఇస్తాడు. ఉంచితే తొవ్వ మూసుకుపోతుంది. మిస్త్రీని మళ్ళీ పిలిపించాడు. ఇద్దరూ మునిమాపున గోడ మీద వెలుగు చూశారు. గీతకు బెత్తెడు కిందనే ఉంది. ఎక్కడా తేడా లేదు.

నేను లోపల నా పుస్తకం తిరగేస్తున్నాను. మూడు రోజుల కిందటి మాటలు కనబడ్డాయి: "అన్న కామారెడ్డి నుంచి వచ్చి లారీ ఆపగానే వెలుగు గోడ దాటి వేపకొమ్మల్లోకి పోయింది. కాకులు లేచాయి. చెట్టు లోపల ఒక చిన్న పగలు." దాని ముందురోజూ కాకులే. లారీ ఉప్పు బస్తాలతో వచ్చిన రోజులే అవి. ఇప్పుడు సరుకు దించిన లారీ ఖాళీగా ఉంది, కాకులు నిద్రపోతున్నాయి.

వంటింట్లో అవ్వకు చెప్పాను.

"నాకెందుకు చెప్తవే? నేనేమన్న మోటరు నడుపుతనా? పోయి చెప్పు," అంది.

పరాయి మగవాళ్ళ ముందు నాకు మాట రాదు. గడప దాకా పోయి, తలుపు పట్టుకుని, "లారీ ఖాళీగ ఉన్నది," అన్నాను.

"ఉంటే ఏంది?" అన్నాడు అన్న.

"నిండితే ఎనుక కుంగుతది. ముక్కు లేస్తది."

మిస్త్రీ నన్ను చూశాడు, లారీని చూశాడు, నెత్తి కొట్టుకున్నాడు. "అరె! పట్నంల దొరల కార్లకు పెట్టినట్టు పెట్టిన. వాటికి బరువేడిది, బేటీ?"

బస్తాలు తెల్లవారుజామున గాని రావు. బరువుకు మనుషులు కావాలని అవ్వ వీధిలోకి కేక వేసింది. బీడీలు చుడుతున్న ఆడవాళ్ళు చాటలు పక్కన పెట్టి, నవ్వుకుంటూ లారీ ఎక్కారు. వాళ్ళ వెనుక వాళ్ళ మగవాళ్ళూ ఎక్కారు.

"చిన్నమ్మా, నువ్వు మెల్లగెక్కు, చక్రాలు పోతయ్."

"నీ అత్తను ఎక్కియ్యకపోయినవ్? లారీ నేలల దిగబడుతుండె!"

లారీ మూలిగింది. గోడ మీద వెలుగు గీతను దాటి పైకి, కొమ్మల్లోకి తేలిపోయింది. కాకులు గోల పెట్టాయి. మిస్త్రీ మరలు వదులుచేసి వెలుగును మళ్ళీ గీత కిందికి దించాడు. పసుపు దీపాన్ని ఇంకా కిందికి, తొవ్వ ఎడమ అంచు మీదికి వంచాడు. అది వెలిగితే మట్టి పసుపు రాసుకున్నట్టుంది.

తెల్లవారుజామున అన్న, "నువ్వూ రా. నా కంటె నీకే బాగ కనవడుతది," అన్నాడు. అవ్వ, నేను ముందు సీట్లో కూర్చున్నాం. వెనుక నిండా వడ్ల బస్తాలు. మంచులో చెట్లు లేవు, పొలాలు లేవు. పసుపు వెలుగు మా ముందు చాపలా పరుచుకుంటూ పోతోంది. మేము దాని మీద నడుస్తున్నామో, అదే మమ్మల్ని లాగుతోందో తెలియలేదు. భయం కూడా దూరంగా ఎక్కడో ఉన్నట్టుంది.

లింగంపేట దగ్గర ఎదురుగా గంటలు వినబడ్డాయి. భయం ఒక్కసారి దగ్గరికొచ్చింది. అన్న వేగం తగ్గించాడు. వెలుగులోకి ముందు గిట్టలు వచ్చాయి, తర్వాత మోకాళ్ళు. కొమ్ములు చీకట్లోనే ఉండిపోయాయి. ఎడ్లు ఆగాయి, ముక్కుల్లోంచి ఆవిరి వదిలాయి, మళ్ళీ నడిచాయి. మొదటి బండి మీద ఆ పెద్దాయనే. మా పక్కకు రాగానే తాడు బిగబట్టి లోపలికి వంగి చూశాడు.

"గామె ఎవలు?"

"మా చెల్లె, తాతా. దీపాలు కిందికి దింపిచ్చింది గామెనే."

నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి, మంచులోకి గట్టిగా అరిచాడు:

"రాండ్రి, రాండ్రి! ఏం కాదు. మోటరును పోనియ్యుండ్రి."

ఏడు బండ్లు మా పక్కనుంచి దాటిపోయాయి. ఒక్కటీ తొవ్వ దిగలేదు. మేము కామారెడ్డి చేరేసరికి రైలు ఇంకా రాలేదు.