స్కేలు సారు సంచికి నేను చేసిన సోకులు

ఆ రోజుల్లో నాకొక రోగం ఉండేది. చేతిలో సూది, ఎదురుగా చిరిగిన వస్తువు ఉన్నాయంటే, అడిగినంత మేరకు కుట్టి ఊరుకోవడం నా వల్ల అయ్యేది కాదు. తొమ్మిదో తరగతిలో లెక్కలకూ నాకూ పడక మర్యాదగా విడిపోయాం. ఆ తర్వాత నా చదువంతా కరీంనగర్‌లో ఆటోలకు సీట్లు, టాపులు కుట్టే షాపులో, రెక్సిన్ మీదే సాగింది. (ఆ చదువులో కాపీ కొట్టడం కుదరదు. సీటు చినిగితే డ్రైవరు నేరుగా షాపుకొచ్చి ఫలితాలు ప్రకటిస్తాడు.) మేనమామ బిడ్డను చేసుకున్నాను. ఆమె ఇంజనీరింగ్ చదివి, బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా సంపాదించి, జర్మనీలో కైసర్స్‌లౌటర్న్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరింది. ఆమె తెచ్చుకున్న సామానులో అన్నిటికంటే బరువైనది నేను.

ఆ ఊరి చుట్టూ అడవి. సెలవొస్తే చాలు, అక్కడి జనం ఏ పనీ లేకుండా అందులో పదిహేను, ఇరవై కిలోమీటర్లు నడిచి, బయల్దేరిన చోటికే తిరిగొస్తారు. మా వైపు అట్లా నడిచేవాణ్ణి ఇంట్లోవాళ్ళు దర్గాకు తీసుకెళ్ళి తాయెత్తు కట్టిస్తారు. అక్కడ మాత్రం ఆఫీసువాళ్ళే ఒక రోజు పెట్టి, కుటుంబాలతో సహా అందరినీ నడిపిస్తారట. ఆ నడకకు వారం ముందు మా ఆవిడ బాసు తన పాత వీపుసంచి ఒకటి ఆమె చేతికిచ్చాడు. (నిలువుగా, గీత గీసినట్టుండే మనిషి. నేను స్కేలు సారు అని పేరు పెట్టాను.) వాళ్ళ నాన్న కొండలెక్కిన సంచి అట, ఒక పట్టీ తెగే స్థితిలో ఉంది. తన భర్త ఆటోమొబైల్ సీట్ల లైన్లో పనిచేసేవాడని ఆఫీసులో ఆమె చెప్పి ఉంది. (అబద్ధమేమీ కాదు. మూడు చక్రాలని మాత్రం చెప్పలేదు.)

సంచి నా ముందు పెట్టి, వేలు చూపించి మరీ చెప్పింది. "బావా, గీ పట్టీ ఒక్కటే కుట్టు. నీ ఆటో సోకులేం జెయ్యకు. నడక అయిన మర్నాడే నా ప్రోబెట్‌సైట్ మీద సారు సంతకం పెట్టాలె."

ప్రోబెట్‌సైట్ అంటే ఉద్యోగం పక్కా చేసేముందు ఆరు నెలలు మనిషిని ఉప్పులో ఊరబెట్టే కాలం. అది తేడా కొడితే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే బ్లూ కార్డుకూ దిక్కులేదు, ఇద్దరం కరీంనగర్ బస్టాండులో దిగడమే. ఇంత తెలిసీ నా చెయ్యి ఊరుకుందా? పట్టీ కుట్టాను. రెండో పట్టీ చిన్నబుచ్చుకున్నట్టు కనిపించింది, దాన్నీ కుట్టాను. పట్టీలు భుజాల్లో దిగబడతాయేమో అనిపించి, గిన్నెలు తోమే కొత్త స్పాంజీలు కోసి రెండింటి లోపలా మెత్తగా పెట్టాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయినా జిప్పు లాగడానికి వీలుగా తాళ్ళు కట్టాను. వానకు తడవకుండా బాస్మతి బియ్యం సంచిని కోసి పైన తొడుగు కుట్టాను. మేం అక్కడ కొన్న సెకండ్‌హ్యాండ్ కుట్టుమిషను అంత మందాన్ని చూసి మొరాయిస్తే, మా షాపు పద్ధతిలో కుట్టు పడే దారి పొడవునా సబ్బు రుద్దాను. సబ్బు రుద్దితే సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది. షాపులో ముక్క సబ్బు వారమంతా వచ్చేది, ఇక్కడ సారు మీద గౌరవంతో నిండు గంధం సబ్బు ఒకటి అరగదీశాను.

నడక రోజు పొద్దున స్కేలు సారు సంచి వేసుకుని, భుజాలు ఒకసారి ఎగరేసి, బాగుందన్నట్టు తలూపాడు. మా ఆవిడ నా వైపు చూసిన చూపులో, చెప్పింది వినలేదన్న కోపం సగం, బతికిపోయామన్న నెమ్మది సగం. అయిదు కిలోమీటర్లు నేను పెళ్ళికొడుకులా నడిచాను.

ఆరో కిలోమీటరులో వాన మొదలైంది. బియ్యం తొడుగు సంచిని చక్కగా కాపాడింది. పట్టీలను కాపాడే తొడుగు మాత్రం నేను కుట్టలేదు. స్పాంజీలు నీళ్ళు తాగాయి. సారు అడుగు వేసినప్పుడల్లా అవి నొక్కుకుని, వదులై, మళ్ళీ నొక్కుకుని, కుట్లలోంచి తెల్లటి నురగ తన్నుకొచ్చింది. ముందు కొంచెం, తర్వాత గుప్పెళ్ళ కొద్దీ. ఎత్తు ఎక్కేసరికి భుజాల మీద రెండు మబ్బులు వేసుకుని, అడవంతా గంధం వాసన పంచుకుంటూ, కొలత తప్పని అడుగులతో ఆయన ముందు నడుస్తున్నాడు. వెనక ఇరవై మంది రాలిన నురగ తొక్కకుండా పక్కకు జరిగి నడుస్తున్నారు. మా ఆవిడ ముఖం బియ్యం సంచి కంటే తెల్లబడింది.

కొండ మీద టీ, సూపు అమ్మే గుడిసె దగ్గర సారు సంచి దించి, నురగను వేలితో తీసి వాసన చూసి, పట్టీని రెండు చేతులా లాగి చూశాడు. అది ఇంచు కూడా కదల్లేదు. తర్వాత నా వైపు తిరిగి ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నాడు. "కుట్టినందుకు థాంక్స్. ఉతకమని మాత్రం నేను అడగలేదు."

ముఖంలో నవ్వు లేదు. ఆ దేశంలో జోకుకూ కోపానికీ ఒకే ముఖం వాడతారని నాకప్పటికి తెలియదు. సబ్బు కథ నేను తెలుగులో చెబితే మా ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, ఈ విద్య ఏ కార్ల కంపెనీలో నేర్చుకున్నానని అడిగాడు. ఆమె మాట నిలబెడదామని, రోడ్ల మీద చూసిన పేర్లలో పెద్దదేదో ఏరుకుంటూ నేను నోరు తెరిచాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. కార్లు కావని, ఆటోరిక్షాలని, తాను నాలుగేళ్ళు కాలేజీకి వెళ్ళింది ఈయన కుట్టిన సీటు మీద కూర్చునేనని అందరి ముందూ చెప్పేసింది. స్కేలు సారు తన కాళ్ళ వైపు చూసుకుని, ఇంకో ప్రశ్న వేశాడు: నడకబూట్లు కూడా బాగుచేస్తారా?

మర్నాడు సంతకం పడింది. కానీ నాకు గుర్తున్నది సంతకం కాదు. దిగేటప్పుడు అందరికంటే వెనకపడి, వానలో నా పక్కన నడుస్తూ ఆమె, "నీ పని జెప్పనీకి సిగ్గుపడ్డననుకున్నవు గద బావా. నువ్వనుకున్నది నిజమే. ఇగ సిగ్గుపడ," అంది. నేను ముఖం తుడుచుకుని, "కండ్ల సబ్బు పడ్డదే," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నా మీద నాకే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. సబ్బంతా అర కిలోమీటరు ముందు సారు భుజాల మీద పోతుంటే నా కంట్లో ఎట్లా పడిందని ఆమె అడగలేదు. ఎంతైనా చదువుకున్న పిల్ల.