లక్షా మూడు మూతలు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు గానీ, కరోనా కాస్త తగ్గిన ఆ ఏడాదిని తలచుకుంటే ఎవరో వేరే కుర్రాడి సంగతిలా అనిపిస్తుంది. ఎమ్మెస్సీ లెక్కలు చదివి (సంఖ్యా సిద్ధాంతంలో బొటాబొటీ మార్కులతో గట్టెక్కినవాణ్ణి) దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో అత్తరు సీసాల మూతల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి కుదిరాను. అందరూ నన్ను మాస్టారనేవారు. గౌరవంతో కాదు, పెట్టెలకు టేపు వంకరగా అంటించేది నేనొక్కణ్ణే కాబట్టి.

ఒకసారి లక్ష మూతలకు ఆర్డరొచ్చింది. కొనేవాళ్ల గుమస్తా మూడు నమూనాలు కూడా కలిపి లక్షా మూడని రాశాడు. ప్రతి పెట్టెలోనూ సమానంగా ఉండాలి, ఒక్కటీ విడిగా రాకూడదని షరతు. ఇరవైనాలుగేసి సర్దుకుంటూ పోతే చివరి పెట్టెలోకి పంతొమ్మిదే మిగిలాయి. సూపర్‌వైజర్ ముఖం మాడిపోయింది.

"పాంచ్ పీస్ కిధర్ గయా? దొరికేదాకా రేపు ఎవరికీ ఛుట్టీ లేదు."

నా పక్కన పనిచేసే కాకినాడ పిన్ని చతికిలబడిపోయింది. "ఫుజైరాలో మా చెల్లి పనిచేసే ఇంట్లోవాళ్లు రేపొక్కరోజే దాన్ని వదుల్తామన్నారు అబ్బాయ్. చూసి రెండేళ్లయ్యింది."

ఆవిడ ముఖం చూసి నేను నోరు జారాను. "ఏం పోలేదు సార్. నాలుగువేల నూటఅరవైఆరు పెట్టెలు, పైన పంతొమ్మిది, లక్షా మూడు సరిగ్గ ఉన్నయ్. ఆ నంబరే అసొంటిది. ఎంతేసి పెట్టినా సమానంగ రాదు."

అప్పుడే లోపలికొచ్చిన ముదీర్, అంటే మా మేనేజరు, విన్నాడు. "ఏ సైజు పెట్టెకీ రాదా? సాబిత్ కరో, రుజువు చూపించు. లేకపోతే ఛుట్టీ ఖలాస్."

అది ప్రధాన సంఖ్య అని ఎక్కడో చదివిన గుర్తు. నిజంగా చదివానా లేదా అన్న అనుమానం మాత్రం మార్కరు చేతికొచ్చాకే మొదలైంది. అట్టపెట్టె చింపి, రెండు నుంచి వరసగా ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగహారాలు మొదలుపెట్టాను. ఏడు దగ్గర ఒక్కటే మిగిలేసరికి ఇంకోసారి భాగించి చూసుకున్నాను (ఇంకొక్కటి తక్కువుంటే నా కథ అక్కడితో సరి). సూపర్‌వైజర్ ప్రతిదీ ఫోన్లో సరిచూశాడు. మొత్తం అరవైఐదు భాగహారాలు, అన్నిటికీ శేషం. మూడొందల పదమూడు దగ్గర ఆపాను.

"ఇంకా పెద్ద నంబర్లున్నాయిగా?" అన్నాడు సూపర్‌వైజర్.

"మూడొందల పదిహేడును దానితోనే గుణిస్తే లక్షా మూడు దాటిపోతది సార్. అంత పెద్దది భాగిస్తే దాని జోడీ చిన్నది ఉంటది. అది ఈపాటికే దొరికుండేది."

ముదీర్ అట్టముక్కను చేతిలోకి తీసుకున్నాడు. "అబ్ క్యా కరే?"

"ఇంకో ఐదు తీసుకోమనండి. నాలుగువేల నూటఅరవైఏడు పెట్టెలు, నిండుగ."

అక్కడే ఫోన్ చేశాడు. అవతలివాళ్లు ఒప్పుకున్నారు. "యల్లా, కల్ సబ్‌కో ఛుట్టీ" అనగానే ప్యాకింగ్ బల్లలన్నీ దద్దరిల్లాయి. మరునాడు మధ్యాహ్నం పిన్ని ఫొటో పంపింది, అక్కాచెల్లెళ్లిద్దరూ ఫుజైరా సముద్రం ఒడ్డున చెప్పులు చేత్తో పట్టుకుని.

ఇప్పుడు అబూధాబిలో ఏసీ ఆఫీసులో కూర్చుంటున్నాను. అలాంటి సందర్భమే వస్తే ముందు పైవాళ్లకు మెయిల్ పెట్టి, జవాబొచ్చేదాకా నోరు కుట్టేసుకుంటాను. తనమీద తనకే నమ్మకం లేకుండా అంతమంది ముందు అంత గట్టిగా మాట్లాడిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయగానూ ఉంటుంది.