పెద్దమ్మ అడిగిన రేకుల షెడ్డు

మా ఓనర్ పెద్దమ్మ పోయిన నెల చనిపోయింది. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ కూలబడిందనీ, పటాన్‌చెరు ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందనీ ఆమె కొడుకు ఫోన్ చేశాడు. నేను డ్యూటీలో ఉన్నాను. ఇస్నాపూర్‌లో ఆమె కట్టించిన వరుస గదుల్లో ఒకదానిలో నేనూ మా అమ్మా ఏళ్లుగా కిరాయికి ఉంటున్నాం.

కిరాయికి ఉన్న మనిషి చనిపోతే మా వైపు శవాన్ని ఇంట్లోకి రానివ్వరు. ఇంటికి కీడంటారు. రోడ్డు పక్కన టెంటు వేసుకుని ఏడ్చుకోవాల్సిందే.

ఒకసారి మా పక్క గదిలో ఉండే ఒడిశా ఆయన జ్వరంతో ఆసుపత్రిలో పోయాడు. జోరు వానలో అంబులెన్స్ గేటు ముందు ఆగింది. దిగాలో వద్దో తెలియక ఆయన భార్య అందులోనే కూర్చుంది. పెద్దమ్మ తరఫు చుట్టాలు గేటుకు అడ్డం నిలబడ్డారు. పెద్దమ్మ వాళ్లను పక్కకు జరిపి గేటు రెండు రెక్కలూ తీసింది.

"బతికినన్ని దినాలు ఇంట్ల ఉండనిచ్చి, సచ్చినంక రోడ్డు మీద పండవెడ్తమా?" అంది.

తన వరండాలోనే పడుకోబెట్టించింది. తర్వాత చాలా రోజులు చుట్టాలు ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. కీడని భయపడి కిరాయివాళ్లు వెళ్లిపోవడంతో రెండు గదులు ఖాళీ పడ్డాయి. ఉండనీ, జెర గాలాడుతుందని పెద్దమ్మ నవ్వేసింది. ఉబ్బసంతో బాధపడే మా అమ్మ దగ్గర కూర్చుని మాత్రం, "నువ్వు ఫికర్ వెట్టుకోకు చెల్లె, నా వరండా ఉన్నది" అని చెప్పింది. ఆ రాత్రి అమ్మ హాయిగా నిద్రపోయింది.

ఓట్లకొచ్చిన ప్రతి నాయకుడికీ పెద్దమ్మ కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, ఒకటే అడిగేది: శ్మశానం పక్కన కిరాయివాళ్లు తమ శవాన్ని ఉంచుకోడానికి ఒక రేకుల షెడ్డు, ఒక నల్లా. చాలామంది చూద్దామన్నారు. ఒకాయన మాత్రం వాళ్లకు ఇక్కడ ఓట్లే లేవు కదా అన్నాడు. "సచ్చినోళ్లకు యాడుంటయ్ బిడ్డా ఓట్లు" అని ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత మా ఊరు మున్సిపాలిటీ అయింది. షెడ్డు రాలేదు. పెట్టుబడులు తెస్తామని అన్ని పార్టీలూ అంటాయి. ఆ పెట్టుబడుల వెంట మనుషులొస్తారనీ, వచ్చినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు పోతారనీ ఎవరికీ గుర్తుండదు. ఇదివరకు కోపమొచ్చేది. ఇప్పుడు అలసటగా ఉంది.

పెద్దమ్మను కూడా ఆ వరండాలోనే పడుకోబెట్టారు. కిరాయివాళ్లమంతా లోపలికి రావచ్చో లేదోనని కాసేపు గేటు దగ్గరే నిలబడిపోయాం.

దినాలైపోయాక ఖాళీ గది చూడ్డానికి ఎవరో వచ్చారు. పెద్దమ్మ కొడుకు మంచివాడే. ఇంట్లో ముసలివాళ్లు, ఆరోగ్యం బాగాలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని వాళ్లను మెల్లగా అడిగాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అన్నా, అమ్మ పాణం ఎట్లున్నది?"

పెద్దమ్మ రోజూ అడిగిన మాటే.

"మంచిగనే ఉన్నది" అన్నాను.

గదిలోకి వెళ్లేసరికి, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుంటోంది.