ఒకే గుక్కలో రెండు మాత్రలు

వేంపల్లెలో మా బట్టల అంగడి మెట్లెక్కడానికే ఆయాసం వస్తుంటే పరీక్ష చేయించుకున్నాను. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు రాశారు. వెంటనే మా అత్త రంగంలోకి దిగింది. నాకు ముందునుంచీ థైరాయిడ్ మాత్ర ఉంది, పరగడుపున వేసుకోవాలి. ఐరన్ మాత్ర కూడా పరగడుపునే బాగా పనిచేస్తుందని ఆమెకెవరో చెప్పారట. పొద్దున్నే రెండూ అరచేతిలో పెట్టుకుని, చెంబుతో నీళ్లు తెచ్చి నా మంచం దగ్గర నిలబడేది.

"రెండూ ఒగే గుక్కలో మింగెయ్ మ్మా. అంగట్లోకి పోతే నీకేం గుర్తుంటాది?"

కోడలికి మందులందించే అత్త మా బజారులో ఇంకెవరికీ లేదు. నేనూ గొప్పగా మింగేదాన్ని.

రక్తం పెరగకపోగా ఇంకా తగ్గింది. ముఖం ఉబ్బింది. కడపలో డాక్టరుకు చూపిస్తే కిడ్నీ పరీక్షలోనూ తేడా ఉందన్నాడు. మా మేనమామకు డయాలసిస్ చేస్తున్నప్పుడు పక్కన కూర్చున్నదాన్ని నేను. ఆ గొట్టాల్లో తిరిగేది ఆయన రక్తమేనని తెలిసి చూడలేక గోడవైపు తిరిగాను. ఇప్పుడా మంచం మీద నేనే కనబడుతున్నాను. పాపకు జడ వేస్తూ, రేపు దీనికి ఎవరు వేస్తారని అనుకునేదాన్ని.

మళ్లీ అత్తను వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు డాక్టరు థైరాయిడ్ రిపోర్టు చూసి, "మాత్ర వేసుకుంటున్నారా, లేదా?" అన్నాడు.

"రోజూ వేసుకుంటాండా" అన్నాను కాస్త గట్టిగానే.

ఎలా వేసుకుంటానో అత్త అరచెయ్యి చాపి చూపించింది.

ఐరన్‌తో కలిపితే థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగా పట్టదట. రక్తం తయారు చెయ్యమని ఎముకల్లోని మూలుగకు చెప్పే హార్మోన్ కిడ్నీలోని కొన్ని కణాల్లో పుడుతుందట. థైరాయిడ్ తగ్గితే ఆ కణాలు కూడా మందగిస్తాయట.

"కిడ్నీలో తేడా కూడా దీనివల్లే కావచ్చు. థైరాయిడ్ సర్దుకున్నాక మళ్లీ పరీక్ష చేస్తేగానీ చెప్పలేను. ఐరన్ మధ్యాహ్నం వేసుకోండి" అన్నాడు.

ఆ 'కావచ్చు'ను పట్టుకుని నేను ఊపిరి పీల్చుకునేలోగా అత్త ఏడుపు అందుకుంది. "నా చేత్తో నేనే ఇస్తి కదా సారూ!" బస్సులో ఊరొచ్చేదాకా నా ముఖం చూడలేదు.

మర్నాడు థైరాయిడ్ డబ్బా మంచం మీద పెట్టి దూరంగా నిలబడింది.

"నువ్వే చూసి ఏసుకో మ్మా. నాకు శానా భయమైతాండాది."

నాకు ఒళ్లు మండింది. నా కిడ్నీలు ఏమవుతాయో ఇంకా తెలియదు. ఇలాంటప్పుడు ఈమె కూడా దూరం జరిగితే నేనెవరిని పట్టుకోవాలి?

"నువ్వు ఇస్తేనే మింగుతా అత్తా" అని కళ్లు మూసుకుని నోరు తెరిచి కూర్చున్నాను.

ఆమె దగ్గరికొచ్చి డబ్బా మూత తీసిన చప్పుడైంది. మాత్ర నాలుక మీద పడేదాకా నేను కళ్లు తెరవలేదు.