నొప్పి లేని చోటు

బస్సు టైరు మారుస్తుంటే రోడ్డు పక్క గట్టు మీద కూర్చున్నాను. పక్కనొక దర్జీ. మెడలో టేపు ప్రయాణంలోనూ తీయలేదు. ఫ్లాస్కులోంచి ఇన్సులిన్ పెన్ను తీసి, నన్ను ఎగాదిగా చూశాడు.

"మీరు మందుల కంపెనీ మనిషి కాదు కదా?"

"నా చెప్పులు చూసి చెప్పండి మాస్టారూ."

చూశాడు. నమ్మాడు. బొడ్డు పక్కన గుచ్చుకుని, రొట్టె తింటూ మొదలెట్టాడు.

"ఇదే ఆఖరిది పెద్దాయనా. ఇందులో ఉన్నవి ఉత్త నీళ్లు. డాక్టరు మూడుసార్లు మోతాదు పెంచినా షుగరు దిగదు. మొన్న ఒక్కసారి మా అక్కింట్లో ఇదే మందు తొడకి పొడుచుకుంటే చెమటలు, వణుకు, కళ్లు బైర్లు! అక్క చక్కెర నీళ్లు పట్టబట్టి బతికాను. లేకపోతే నా మిషను పాతసామాన్ల బండెక్కేది. ఓ రోజు నీళ్లు, ఓ రోజు విషం! షాపువాడి మొహాన కొట్టేసి, ఇక సూది ముట్టను."

దర్జీలది పుట్టు అనుమానమని నా అభిప్రాయం. పది ఊళ్లలో చొక్కాలు కుట్టించుకున్నాను. నేను చెప్పిన కొలత నమ్మినవాడు లేడు. ఈయన మందును, షాపును, చివరికి డాక్టరును కూడా అనుమానించాడు. తన చేతిని తప్ప.

పైకెత్తిన చొక్కా కింద, బొడ్డు పక్కన నిమ్మకాయంత గడ్డ. దానిమీద సుద్ద గుర్తు.

"రోజూ అక్కడేనా?"

"పదకొండేళ్లుగా! గుడ్డంతా తూట్లు పొడుస్తామా? పైగా అక్కడ నొప్పుండదు."

"ఆ నొప్పి లేకపోవడమే నాకు అనుమానం," అన్నాను. ఎప్పుడో రైల్లో ఒక నర్సమ్మ చెప్పింది: ఒకేచోట పొడిస్తే చర్మం కింద కొవ్వు గడ్డకట్టి మందును సరిగా ఒంట్లోకి పోనివ్వదట. అందుకని పెంచిన మోతాదు మంచిచోట పడిందా, షుగరు దభాలున పడిపోతుందట.

"అయితే రేపట్నుంచి తొడకే..."

"ఆగండి! ముందు డాక్టరుకు గడ్డ చూపించండి. చోటు మారితే మోతాదెంతో ఆయనే చెప్పాలి. మీ అంతట మీరు మానేయడమూ ప్రమాదమే. ఇన్నాళ్లూ ఆయన చూడలేదా?"

"ఊరందరి పొట్టలూ కొలుస్తాను గానీ, నా పొట్ట ఎవరికి చూపిస్తానండీ?"

బస్సు కదిలింది. ఉన్నట్టుండి అడిగాడు: "ఆ నర్సు ఏ కంపెనీ మనిషి?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. చొక్కా పైనుంచే గడ్డను రెండు వేళ్లతో పట్టి, బట్ట మందం చూసినట్టు చూసుకున్నాడు.

ఆయన దిగిన చోట ఎడమవైపు మందుల షాపు, కుడివైపు ఆసుపత్రి. ఫ్లాస్కు చంకలో పెట్టుకుని షాపువైపు కాసేపు గుర్రుగా చూశాడు. తర్వాత కుడివైపు తిరిగి, చొక్కా సర్దుకుంటూ నడిచిపోయాడు.