చెవితో చదవడం నేర్పిన ఆంటీ

మంగళవారం మధ్యాహ్నం ఆంటీ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయింది అక్కా. మార్నింగ్, నిద్రలోనే," అంది. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. సరిచూడని కాగితమేదో పంపేసినట్టుగా ఉంది.

ఆంటీ నాకు బంధువు కాదు. డాలస్ దగ్గర, స్పానిష్ వైద్యపత్రాలను ఇంగ్లీషులోకి మార్చే చిన్న ఆఫీసులో నాకు పని నేర్పిన మనిషి. గుంటూరు నుంచి వచ్చి, ఏళ్ల తరబడి మందుల షాపులో పనిచేస్తూ, అక్కడికొచ్చే మెక్సికన్ల దగ్గర ఆ భాష నేర్చుకున్నారు. నేనేమో హైదరాబాదులో స్పానిష్ డిగ్రీ చదివి, వర్క్ పర్మిట్ రాగానే చేరాను. పేషెంట్లు చేత్తో రాసిన మాటలు సగం నా నిఘంటువులో దొరికేవి కావు.

"వాళ్లు విన్నది విన్నట్టు రాస్తారు. నువ్వూ చెవితో చదువు," అనేవారు ఆంటీ. ఫారాన్ని పైకి చదువుతూ ఆఫీసంతా తిరిగేవారు. ఐదు నిమిషాలు కుర్చీలో ఉంటే గొప్ప.

రెండో నెలలో ఒక క్లినిక్ నుంచి ఫ్యాక్స్ వచ్చింది. ఇళ్లకు కప్పులు వేసే పనివాడొకాయన మర్నాటి అపాయింట్‌మెంట్ కోసం నింపిన ఫారం. నిన్నటినుంచి జ్వరం, వణుకు. పాత యాక్సిడెంట్‌లో తన ‘వాసో’ తీసేశారని రాశాడు. వాసో అంటే గ్లాసు, లేదంటే నాళం. రక్తనాళానికి ఆపరేషన్ అని రాసి పంపేశాను.

మధ్యాహ్నం నా కాపీ చదువుతూ ఆంటీ కిటికీ దగ్గర ఆగిపోయారు.

"ఇది నాళం కాదమ్మా, బాసో! ప్లీహం! వాళ్ల నోట్లో బ, వ ఒకటే. స్ప్లీన్ లేనివాడి ఒళ్లు ఇన్ఫెక్షన్‌ని తట్టుకోలేదు. జ్వరమొస్తే రేపటిదాకా ఆగకూడదు."

ఫోన్ ఆంటీ వైపు జరిపాను. "మీరు ఫోన్ చేయండి ఆంటీ. నా జాబ్..."

"తప్పు నీది. ఫోనూ నువ్వే చెయ్యి. పక్కనే ఉంటా."

చేశాను. నర్సు మొదట విసుక్కుంది. స్ప్లీన్ అనగానే గొంతు మారింది. గంటన్నర తర్వాత తనే ఫోన్ చేసి, ఆయన్ని ఎమర్జెన్సీకి తీసుకెళ్లారని, యాంటీబయాటిక్స్ ఎక్కిస్తున్నారని చెప్పింది. ఆ గంటన్నరా ఆంటీ ప్రింటర్‌కీ తలుపుకీ మధ్య నడుస్తూనే ఉన్నారు. ఆయన కోలుకుని ఇంటికెళ్లాడని వారం తర్వాత తెలిసింది.

"భయపడ్డావుగా? కాస్త భయం మిగుల్చుకో. ఈ పనిలో అవసరం," అన్నారు ఆంటీ. మిగుల్చుకున్నాను. ఇప్పటికీ పంపేసిన ఫారాన్ని మళ్లీ తెరిచి చూస్తాను.

పోయిన నెల ఆంటీని చూడ్డానికి హాస్పిటల్‌కి వెళ్లాను. గది శుభ్రం చేసే నడివయసు మెక్సికన్ ఆవిడ నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చదువుతోందట. తన నోట్‌బుక్ ఆంటీకి చూపిస్తోంది. కాలేయాన్ని వాళ్ల భాషలో ‘ఈగాదో’ అంటారు. ముందు పలకని హెచ్ ఒకటుంది. ఆవిడ దాన్ని వదిలేసింది. సూదులు గుచ్చిన చేత్తో ఆంటీ పెన్ను పట్టుకోలేకపోయారు. నవ్వి, తెల్లదుప్పటి మీద వేలితో నెమ్మదిగా హెచ్ గీశారు. ఆవిడ తుడుపుకర్రను గోడకి ఆనించి, మంచం మీదికి వంగి, దుప్పటి మీద పడిన ఆ ముడతనే తన వేలితో దిద్దింది.