మామగారి గురకా, నా ఇంగ్లీషు చదువూ

నలభైల నాటి మాట. పెళ్లయి నాంపల్లిలోని అత్తవారింటికి వచ్చిన కొత్త. పోస్టు ద్వారా ఇంగ్లీషు నేర్చుకుంటానని అడిగితే మామగారు, "ఏ ఇస్కూలు మంచిదో ముందుగాల తేల్చు బిడ్డా, గప్పుడు చూద్దాం" అన్నారు.

నాకో చిలిపి ఉపాయం తోచింది. 'మా ఇల్లు' అని వచ్చీరాని ఇంగ్లీషులో ఒక వ్యాసం రాసి, పత్రికల్లో ప్రకటనలిచ్చిన మూడు స్కూళ్లకూ అబిడ్స్ పోస్టాఫీసు నుంచి పంపాను. రెండు స్కూళ్లు, "మీ ఇంగ్లీషు అద్భుతం, వెంటనే చేరండి" అని జవాబిచ్చాయి.

మూడో స్కూలు నా వ్యాసాన్ని దిద్ది తిప్పి పంపిన కవరు మామగారి చేతికే చిక్కింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. అప్పుడే వచ్చిన పక్కింటి పంతులుగారికి ఇచ్చి, "జర తెలుగుల చెప్పున్రి సారూ" అన్నారు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మామగారు గురక పెడితే స్టేషన్‌కు రైలొచ్చిందనుకుని వీధిలో జనం పరుగెత్తుతారని అందులో రాశాను మరి!

పంతులుగారు నవ్వు ఆపుకోలేక అంతా చదివేశారు. నేను తలుపు చాటున నక్కి విన్నాను.

"తప్పులెన్ని పట్టిన్రు?" అన్నారు మామగారు.

"అంతటా ఎర్ర సిరానే."

"గురక కాడ?"

"గదొక్కటే సరిగున్నదని టిక్కు పెట్టిన్రు."

మామగారు కాగితం అందుకుని ఆ టిక్కు ఎక్కడుందో వెతికి చూశారు. తర్వాత నన్ను పిలిచి, "గీళ్లు నికరంగ చెప్తరు బిడ్డా. గీండ్లనే చేరు" అన్నారు.

ఇంకొకరైతే ఆ కవరును చింపి పొయ్యిలో పడేసేవారు. నేను ఆ స్కూల్లోనే రెండేళ్లు చదివాను. ప్రతి వ్యాసమూ కవర్లో పెట్టేముందు మామగారు దగ్గరికొచ్చి, "ఇందుల నేనున్ననా?" అని అడిగేవారు.